దేశం పేరు తీసేస్తే ఆ క్యారెక్టర్‌లో ఏం మిగులుతుంది?

పెన్సిల్‌పొడి:

అందరికీ నమస్తే. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

నేనొక కామిక్ రాసుకుంటున్నాను. నడిసముద్రంలో ఒక పరిశోధన ఓడ. అందులో ఆరుగురు, తలా ఒక దేశం వాళ్ళు. మిగతావాళ్ళు ఎలాగోలా నడుస్తున్నారు గానీ జర్మన్ ఇంజనీరమ్మాయి దగ్గర కథ కదలట్లేదు. ఆమె నోరు విప్పితే చాలు, టైమ్, రూల్స్, క్రమశిక్షణ. వేరే మాటే రావట్లేదు. పోనీ ఒకచోట నవ్విద్దామని చూస్తే "ఓహో, జర్మన్లు కూడా నవ్వుతారన్నమాట" అన్నట్టుంది తప్ప, ఆ అమ్మాయి నవ్వినట్టు లేదు.

అందుకని జర్మన్ పాత్రలున్న రెండు అనిమేలు (జపాన్ యానిమేషన్ సీరియళ్ళు) పక్కపక్కన పెట్టుకుని మళ్ళీ చూశాను. ఒకటి హెటాలియా, 2009లో వచ్చింది. అందులో దేశాలే మనుషులు. జర్మనీ అంటే కండలు తిరిగిన శరీరం, కసరత్తు, రూల్ తప్పితే కేకలు. ఇటలీ అంటే పాస్తా, మధ్యాహ్నం కునుకు, యుద్ధం అనగానే తెల్లజెండా. అమెరికా చేతిలో ఎప్పుడూ హాంబర్గర్, నోట్లో ఎప్పుడూ "హీరోని నేనే". ఒక్కో ఎపిసోడ్ ఐదు నిమిషాలే కాబట్టి ఆ మాత్రం సరిపోతుంది, నేనూ బాగానే నవ్వుకున్నాను.

రెండోది ఎవాంజెలియన్, 1995, పెద్ద పెద్ద యంత్రాలెక్కి పోరాడే పిల్లల కథ. అందులో పైలట్ అసుకాలో జపాన్ రక్తం నాలుగో వంతే, పెరిగింది జర్మనీలో. మొదట్లో ఆమె కూడా అదే అచ్చులోంచి దిగినట్టుంటుంది. గర్వం, పోటీ, తనంత చురుగ్గా లేనివాళ్ళంటే చిరాకు. కానీ హెటాలియా జర్మనీ ఎపిసోడ్ అయిపోగానే నా బుర్రలోంచి వెళ్ళిపోతాడు. అసుకా మాత్రం రోజుల తరబడి వదలదు.

ఇది కేవలం నిడివి తేడానా? ఐదు నిమిషాలకీ 26 ఎపిసోడ్లకీ ఉన్న తేడా అంతేనా? లేకపోతే ఒక దేశానికి పడిన ముద్రలోంచి మనిషిని బయటికి తీసే పద్ధతి వేరే ఏదైనా ఉందా? సీన్లు చెప్పి వివరిస్తే నాకు చాలా సాయం చేసినవాళ్ళవుతారు.


ఆఖరిసింక్:

పెన్సిల్‌పొడి గారూ, నిడివే కారణమైతే అసుకా ఎనిమిదో ఎపిసోడ్‌లోనే మనల్ని పట్టేసుకోకూడదు. ఆమె తెరమీదికి రావడమే అందులో. విమానవాహక నౌక డెక్, పసుపు గౌను, వచ్చీరాగానే ముగ్గురబ్బాయిలకి చెంపదెబ్బలు. ఆ తర్వాత హీరో షింజీని తన యంత్రం యూనిట్ 02లో ఎక్కించుకుని జర్మన్‌లో ఆలోచించమంటుంది. అతను జపనీస్‌లో ఆలోచిస్తుంటే యంత్రం మొరాయిస్తోంది మరి. పాపం అతనికి గుర్తొచ్చే జర్మన్ మాట ఒక్కటే, బౌమ్‌కూహెన్. అదొక కేకు పేరు. ఆమె విసుక్కుని చివరికి యంత్రాన్నే జపనీస్‌కి మారుస్తుంది.

ఆ అర నిమిషం సీన్‌ని ఆపి ఆపి చూడండి. షింజీ తలలో ఉన్న జర్మనీ ఒక కేకు, అంతే. అసుకాకి మాత్రం జర్మన్ అంటే "నాకొచ్చు, నీకు రాదు" అని నిలబడటానికి దొరికిన ఎత్తు. జర్మన్ కాబట్టి గర్వం అని రచయిత చెప్పట్లేదు. ఆ పిల్లకి ఎక్కడో ఒకచోట అందరికన్నా పైన నిలబడాల్సిన అవసరం ఉంది, దానికి చేతికందిన వాటిలో దేశం కూడా ఒకటి. పద్నాలుగేళ్ళకే తెచ్చుకున్న డిగ్రీ ఒకటి, పైలట్ హోదా ఇంకొకటి.

ఆ అవసరం ఎక్కణ్ణుంచి వచ్చిందో 22వ ఎపిసోడ్ చెబుతుంది. తల్లి ఒక ప్రయోగంలో మతి చెడి, ఒక బొమ్మని కూతురనుకుని మాట్లాడుతూ ఉంటుంది. కన్నకూతురు ఎదురుగా ఉన్నా గుర్తుపట్టదు. తనని పైలట్‌గా ఎంపిక చేశారని చెబుదామని అసుకా పరిగెత్తుకొచ్చిన రోజునే తల్లి ఉరి వేసుకుని కనిపిస్తుంది. ఇక జన్మలో ఏడవను, నా బతుకు నేనే బతుకుతాను అని ఆ పిల్ల ఒట్టు పెట్టుకుంది. ఇది తెలిశాక వెనక్కి వెళ్ళి ఆ చెంపదెబ్బలు చూస్తే అవి జర్మన్ పొగరులా కనిపించవు.

అదే ఎపిసోడ్‌లో అసుకా సవతి తల్లితో ఫోన్లో జర్మన్‌లో మాట్లాడుతుంది. నవ్వుతూ, చనువుగా, గడగడా. షింజీకి ఒక్క ముక్క అర్థం కాదు, పక్కన నిలబడి వింటాడు. నాకు అసుకా మొత్తంలో ఎక్కువ ఇష్టమైన సీన్ ఇదే. ఎనిమిదో ఎపిసోడ్‌లో ఎదుటివాడిని చిన్నబుచ్చడానికి వాడిన భాషే ఇక్కడ ఆమె ఇంటి భాష. కానీ ఆ ఇంట్లోనూ ఆమె బాగున్నట్టు నటించాల్సిందే.

ఇక నేను ఏ అనిమే చూసినా వాడే పరీక్ష ఒకటుంది. ఆ కథలో ఆ దేశం వాళ్ళు ఎంతమంది ఉన్నారు? ఒక్కడే ఉంటే ఆ దేశం బరువంతా వాడి నెత్తినే పడుతుంది.

దీనికి జోజో (ఒక్కో భాగానికి ఒక్కో హీరో ఉండే జపాన్ కామిక్, తర్వాత అనిమే) కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. రెండో భాగంలో సీజర్ ఇటాలియన్. మనకి పరిచయమయ్యేసరికే రోమ్‌లో ఒక అమ్మాయిని ముద్దు పెట్టుకుంటూ ఉంటాడు. తియ్యటి మాటలు, అందమైన బట్టలు, చుట్టూ ఆడపిల్లలు. ఇటాలియన్ మగవాడంటే జపాన్ పాఠకుడు ఊహించుకునే బొమ్మ అచ్చంగా అదే. ఐదో భాగానికి రండి, అనిమే 2018లో మొదలైంది. కథ ఇటలీలోనే నడుస్తుంది, ముఠాలో దాదాపు అందరూ ఇటాలియన్లే. అక్కడ ముఠా నాయకుడు బుచ్చరాటిని "ఇటాలియన్‌లా ఉంటాడు" అంటే ఏమీ చెప్పనట్టే, పక్కనున్నవాడూ ఇటాలియనే కాబట్టి. దాంతో రచయిత వేరేచోట తవ్వక తప్పలేదు. బుచ్చరాటి జాలరి కొడుకు, చిన్నతనంలోనే తండ్రి ప్రాణం కాపాడటానికి చేతికి రక్తం అంటించుకున్నాడు. అబ్బాకియో ఒకప్పటి పోలీసు, లంచానికి ఒప్పుకున్న పాపానికి తోటి పోలీసు ప్రాణం పోయింది. మిస్టాకి నాలుగు అంకె అంటే హడల్, నాలుగు ముక్కల్లోంచి ఒకటి తీసుకోమన్నా వణికిపోతాడు. ఇందులో ఏదీ ఇటలీ నుంచి రాలేదు.

సీజర్‌ని కూడా రచయిత అక్కడే వదిలేయలేదనుకోండి. తండ్రి వదిలేసి పోయాడని పగబట్టి వీధుల్లో పెరగడం, ఆ తండ్రే ఎవరో తెలియకుండా తన ప్రాణం కాపాడి చనిపోవడం, ఇవన్నీ తెలిశాకే సీజర్ చావు మనల్ని ఏడిపిస్తుంది. ముద్దుల సీజర్ చచ్చిపోతే అంత బాధ ఉండేది కాదు.

ఐస్ స్కేటింగ్ కథ యూరి ఆన్ ఐస్‌లోనూ అంతే. విక్టర్ రష్యన్, చిన్న యూరి రష్యన్, కోచ్ యాకోవ్ రష్యన్. ఒకడు ఎవరినైనా ఇట్టే కౌగిలించుకుంటాడు, ఇంకొకడు పిల్లిలా గీరుతాడు, మూడోవాడు ఎప్పుడూ అరుస్తుంటాడు. రష్యా గురించి మీకున్న అభిప్రాయంతో ఈ ముగ్గురిలో ఎవర్నీ ముందుగా ఊహించలేరు.

కాబట్టి మీ ఓడలోకి ఇంకో జర్మన్‌ని తెండి. రేడియోలో వినిపించే గొంతు అయినా సరే. ఇద్దరు జర్మన్లు ఒక విషయం మీద గొడవపడిన మరుక్షణం ఆ ఇంజనీరు ఎవరో మీకే తెలిసిపోతుంది.


పాతకేసెట్టు:

ఆఖరిసింక్ గారి పరీక్ష బాగుంది. దానికి ముందు ఇంకో మెట్టుందని నా అభిప్రాయం. ఆ ముద్ర ఎవరు వేశారు?

అనిమేలో కనిపించే జర్మనీ, జపాన్ తలలో ఉన్న జర్మనీ. మెయిజీ చక్రవర్తి కాలంలో జపాన్ సైన్యానికి పాఠాలు చెప్పడానికి 1885లో అప్పటి జర్మనీలోని ప్రధాన రాజ్యం ప్రష్యా నుంచి మెకెల్ అనే అధికారి వచ్చాడు. 1889 రాజ్యాంగానికి ప్రష్యా రాజ్యాంగమే పెద్ద ఆదర్శం. వైద్య విద్యా జర్మన్ల దగ్గర నేర్చుకున్నదే, అక్కడి డాక్టర్లు చాలాకాలం రోగుల వివరాలు జర్మన్‌లో రాసుకునేవారు. అంటే జపాన్ జర్మనీని కలిసిందే మాస్టారి రూపంలో. కఠినమైన మాస్టారు. జోజోలో జర్మన్ సైనికాధికారి స్ట్రోహైమ్ "జర్మన్ సైన్స్ ప్రపంచంలోనే గొప్పది" అని గొంతు చించుకునేది ఆ పాత గౌరవానికి అతిశయోక్తి రూపమే. జర్మన్ల పక్కనే ఉండే ఇంకో దేశం వాళ్ళని అడిగితే వేరే బొమ్మ గీస్తారు.

రష్యాతో 1904-05లో యుద్ధం. 1945 తర్వాత సుమారు 6 లక్షల మంది జపాన్ సైనికులు సైబీరియా శిబిరాల్లో చలికీ ఆకలికీ నలిగారు. ఆ జ్ఞాపకం ఉన్న దేశం గీసే రష్యన్, మంచులో నిలబడి చిరునవ్వు నవ్వుతున్నా భయం వేసేలా ఉంటాడు. హెటాలియా రష్యా అచ్చంగా అంతే, పసిమొహం, మెడకి స్కార్ఫ్, చుట్టూ వణికిపోయే చిన్న దేశాలు. అమెరికా మొదట 1853లో నల్ల యుద్ధనౌకలేసుకుని వచ్చింది, తర్వాత 1945 నుంచి 1952 దాకా దేశాన్నే చేతిలో పెట్టుకుంది. ఆ అనుభవంలోంచి పుట్టిన అమెరికన్ పాత్ర పెద్ద గొంతుతో, పెద్ద మనసుతో, పిలవకుండానే ఇంట్లోకొచ్చేస్తుంది.

చరిత్ర పచ్చిగా ఉన్నచోట ఈ ఆట నవ్వులాట కాదు. హెటాలియా మాంగాలో (అనిమేకి ముందొచ్చిన కామిక్‌లో) దక్షిణ కొరియా పాత్ర ప్రతిదీ తమ దేశంలోనే పుట్టిందంటూ తిరుగుతాడు. 1910 నుంచి 1945 దాకా కొరియాని ఏలిన దేశంలో గీసిన బొమ్మ అది. కొరియాలో పెద్ద ఎత్తున నిరసన లేచింది. 2009 జనవరిలో కిడ్స్ స్టేషన్ చానల్ ప్రసారాన్ని రద్దు చేసుకుంది, సీరీస్ ఇంటర్నెట్‌లో మాత్రం విడుదలైంది. అనిమేలో ఆ పాత్రే లేదు. ఇటలీ తెల్లజెండాకి ఇటాలియన్లు నవ్వుకోగలరు, ఎందుకంటే వాళ్ళని జపాన్ ఏలలేదు.

మన సంగతి కూడా చెప్పాలి. జపాన్‌కి భారతదేశం మొదట బుద్ధుడి దేశం, అందుకే ఇక్కణ్ణుంచి వెళ్ళిన పాత్ర మొన్నమొన్నటిదాకా యోగి, మహిమలవాడు. 1972లో వచ్చిన రెయిన్‌బోమన్ టీవీ సీరియల్‌లో హీరో శక్తుల కోసం భారతదేశం వచ్చి ఒక ముసలి యోగికి శిష్యుడవుతాడు. 1979లో వచ్చిన రోబో యుద్ధాల అనిమే గుండమ్‌లో లాలా సూన్, నుదుట బొట్టు, మాట్లాడకుండానే ఎదుటివాళ్ళ మనసు చదివే అమ్మాయి. 1991 స్ట్రీట్ ఫైటర్ గేమ్‌లో ధల్సిమ్, సాగే చేతులు, నోట్లోంచి మంట, మెడలో పుర్రెలు. దేశాల రోబోలు పోటీపడే 1994 జీ గుండమ్‌లో భారతదేశం తరఫున దిగిన రోబో పేరు కోబ్రా గుండమ్. దానికి తోడు కూర. 1927లో టోక్యోలోని షింజుకులో నకమురాయా అనే దుకాణం భారతీయ పద్ధతి కూర అమ్మడం మొదలుపెట్టింది, దాని వెనకున్నది అక్కడ తలదాచుకున్న విప్లవకారుడు రాస్ బిహారీ బోస్.

జోజో మూడో భాగంలో కలకత్తా రెస్టారెంట్ సీన్ చూసి నాకు మనసు చివుక్కుమంది. హీరో జట్టులోని పోల్నారెఫ్ టాయిలెట్‌కి వెళ్తే కిందినుంచి పంది మొహం పైకొస్తుంది. ఒక ఊరు మొత్తాన్ని అసహ్యంగా చూపించి నవ్వించడం తప్ప ఆ సీన్‌కి వేరే పనిలేదు.

బ్లాక్ బట్లర్ అనిమేలో భారతీయ రాకుమారుడు సోమా, అతని సేవకుడు అగ్ని వచ్చినప్పుడు కూడా ముందు భయపడ్డాను. తలపాగా, కాళి విగ్రహం, లండన్‌లో కూరల పోటీ. అన్నీ వరసగా ఉన్నాయి. కానీ ఆ రాకుమారుడు లండన్ వచ్చింది చిన్నప్పట్నుంచీ తనని పెంచిన మీనా కోసం. ఆమెని ఎత్తుకుపోయారనుకుంటాడు. తీరా కలిస్తే, నేనే ఇష్టపడి వచ్చేశాను, నీ మారాం భరించలేకపోయాను అని ఆమె మొహం మీదే అంటుంది. అక్కడ సోమా మొహం చూడండి. తలపాగా కనిపించదు, ప్రేమంటే తనకి చేసే సేవే అనుకుని పెరిగిన ఒక కుర్రాడు కనిపిస్తాడు. అగ్నిదీ అంతే. ఉరికంబం దాకా వెళ్ళినవాణ్ణి సోమా కాపాడి కొత్త పేరు పెట్టాడు, ఆ రుణమే అతని భక్తి. గుండమ్‌లో లాలాకి పాపం ఆ అవకాశం దక్కలేదు. ఇద్దరు మగవాళ్ళు ఆమె కోసం ఏళ్ళ తరబడి కుమిలిపోతారు, ఆమెకి సొంతంగా ఏం కావాలో మాత్రం ఎవరూ అడగరు. ఆ సీరీస్ నాకెంత ఇష్టమో, ఈ విషయంలో అంత కోపం.


టీకప్పుట్యాంకు:

పెద్దవాళ్ళిద్దరూ చాలా చెప్పారు, నేను రెండు మాటలు.

ఒకటి, ఆఖరిసింక్ అక్కా, "ఒక్కడే ఉంటే దేశం బరువంతా వాడి మీదే" అన్నారు. మరి యూరి ఆన్ ఐస్‌లోనే పిచిత్? థాయిలాండ్ నుంచి వచ్చింది అతనొక్కడే. అయినా అతన్ని తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది చేతిలో ఫోన్, ఎవరు దొరికితే వాళ్ళతో ఫోటో, వెంటనే పోస్ట్. దేశం అతని ఒంటి మీద లేదు, అతని కోరికలో ఉంది. తన దేశంలో ఎప్పటికైనా ఒక ఐస్ షో పెట్టాలని. దేశం నుంచి రాలేదు అతని స్వభావం, దేశం కోసం అతనికొక పని ఉంది, అంతే. కాబట్టి ఒక్కడైనా ఫర్వాలేదు, కోరిక ఉండాలి.

రెండు, గర్ల్స్ ఉండ్ పాంజర్ ఎవరూ ఎత్తలేదేంటి! ట్యాంకులతో పోటీపడే స్కూలమ్మాయిల కథ అది. అందులో అమెరికా స్కూలు, బ్రిటన్ స్కూలు, రష్యా స్కూలు, ఇటలీ స్కూలు ఉంటాయి గానీ అందులో చదివేది జపాన్ అమ్మాయిలే. బ్రిటన్ స్కూల్లో డార్జిలింగ్ అనే అమ్మాయి, ట్యాంకు ఎంత కుదిపినా కప్పులో టీ ఒలకనివ్వదు, మాటకో సామెత చెబుతుంది. రష్యా స్కూలు కత్యూషా తను పొట్టిగా ఉందని తోటి అమ్మాయి నోన్నా భుజాలెక్కి మాట్లాడుతుంది. ఆ ముద్ర వాళ్ళకి పుట్టుకతో రాలేదు, స్కూల్ యూనిఫాంలా వేసుకున్నారు. అందుకే వాళ్ళు దాన్ని ఎంత ఆనందంగా మోస్తారో చూడటం నాకు భలే ఇష్టం. అమెరికా స్కూలు సాండర్స్ నాయకురాలు, కే అనే అమ్మాయి అయితే ఇంకానూ. తన జట్టులో ఒకమ్మాయి అవతలివాళ్ళ రేడియో దొంగచాటుగా విందని తెలిసి, చేతిలో బోలెడు షెర్మన్ ట్యాంకులున్నా, అవతల ఎన్ని ట్యాంకులున్నాయో అన్నిటితోనే పోరాడతానంటుంది. ఇది యుద్ధం కాదు, ఆట అంటుంది. అమెరికా "పెద్ద మనసు" ముద్రే అది, కానీ అక్కడ ఆమె దానికోసం గెలుపునే పణంగా పెట్టింది.

ఇంకో మాట. సబ్‌టైటిల్స్‌తో చూస్తే మనం చాలా పోగొట్టుకుంటాం. జపనీస్‌లో చైనా పాత్రలు వాక్యం చివర "అరు" అని తగిలిస్తాయి. నిజంగా ఏ చైనీయుడూ అలా మాట్లాడడు, పాతకాలంలో యోకొహామా రేవులో మాట్లాడిన కలగాపులగం భాష నుంచి వచ్చిందంటారు. గింటామా అనిమేలో కగురా అయితే అసలు చైనా అమ్మాయే కాదు, వేరే గ్రహం నుంచి వచ్చింది. అయినా చైనా బట్టలు, అదే "అరు". ఆ బట్టలూ ఆ మాటా వినగానే జపాన్ ప్రేక్షకుడు ఒక ముద్దులొలికే పాత్రని ఊహించుకుంటాడు, ఆమేమో ముక్కులో వేలు పెట్టుకుని ముప్పూటలా తింటుంది.


పెన్సిల్‌పొడి:

ఎంత ఓపిగ్గా రాశారండీ. పాతకేసెట్టు గారూ, లాలా గురించి మీరన్నది చదివాక ఆ సీరీస్ మళ్ళీ చూడాలనిపిస్తోంది.

నిన్న రాత్రి ఇదంతా చదివి ఒక పేజీ రాశాను. ఆ అమ్మాయిని ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే మనిషిని చేశాను. గడియారం పెట్టుకోదు, రూల్స్ పుస్తకం తెరవదు. ముద్ర పోయినట్టే కదా? చదువుతుంటే మాత్రం ఇంకా ఏదో అతకలేదు.


ఆఖరిసింక్:

అతకదు. ఆలస్యంగా వచ్చే జర్మన్‌ని చూసి పాఠకుడు నవ్వాలంటే, జర్మన్లు టైముకొస్తారన్న మాట ముందు వాడి మనసులో ఉండాలి. అంటే తలకిందులు చేసినా మీరు ఆ గడియారం మీదే ఆధారపడ్డారు. టైముకి రానివ్వండి, ఫర్వాలేదు. ఎందుకొస్తుందో రాయండి. వాళ్ళమ్మ షిఫ్టు మారే వేళకి ఇంట్లో లేకపోతే తమ్ముడు ఒంటరిగా ఉండాల్సి వచ్చేదేమో, ఆ అలవాటు ఓడెక్కినా పోలేదేమో. మీ కథ మీకే తెలుసు.

టీకప్పుట్యాంకు, పిచిత్ విషయంలో నీ మాటే సరి. నా పరీక్ష పక్కన కోరిక కూడా పెట్టుకుంటాను.

ఇందాక జీ గుండమ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పి ఆపుతాను. అందులో చాలా దేశాల రోబోలు ఒట్టి వేషాలే, హాలండ్‌ది ఏకంగా గాలిమర అయిపోతుంది. అమెరికా వీరుడు చిబొడీ క్రాకెట్ కూడా మొదట వేషమే. బాక్సింగ్, అమెరికన్ ఫుట్‌బాల్, సర్ఫింగ్ మూడూ కలిపి ఒకే రోబోకి తొడిగేశారు. కానీ ఈ మనిషికి జోకర్లంటే చచ్చే భయం. చిన్నప్పుడు సర్కస్‌లో జోకర్ వేషాలేసుకున్న దుండగులు దాడి చేశారు, ఆ గొడవలో తల్లి దూరమైంది. అంత పెద్ద బాక్సరు రంగు పూసిన మొహం కనిపిస్తే చేతులు రానివాడవుతాడు. ఆ భయానికీ అమెరికాకీ ఏ సంబంధమూ లేదు, నాకు ఆ జట్టులో బాగా గుర్తున్నది మాత్రం అతనే.

మీ ఇంజనీరు ఆ ఓడలో దేన్ని చూస్తే నిద్రపోలేదో ముందు అది తేల్చుకోండి. రెండో జర్మన్‌కి పేరు కూడా పెట్టేయండి. పేజీలు గీశాక ఇక్కడే పెట్టండి, రేడియో సీన్ నేను తప్పకుండా చదువుతాను.